నీరు పట్టని జుట్టు: లోపమా? బలమా?

కేశ సంరక్షణ తీరిక గలవారి ముచ్చట అని కొందరు తలుస్తారు. కాని మా తోటి విద్యార్థినులలో పలువురు నెల ఖర్చులో మిగిల్చిన కాస్త సొమ్మును జుట్టు లేపనములకే వెచ్చించడం మేము చూస్తున్నాము. "నా జుట్టుకు నీరు పట్టదు, నూనె ఇంకదు, ఇది పాడైన జుట్టు" అన్నది వారి బాధ. ఈ బాధకు ఆధారమున్నదా అని విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కేశ నిర్మాణము

వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినది. లోపల వల్కలము, దానిని కప్పుతూ పైపొర ఉంటాయి. పైపొరలోని పొలుసులు ఇంటి కప్పు మీది పెంకుల వలె ఒకదానిపై ఒకటి, కుదురు నుండి కొన వైపునకు వాలి ఉంటాయి. వాటిపై కంటికి కనబడని పలుచని కొవ్వు పూత ఉన్నది. అది నీటిని తోసివేస్తుంది. పొలుసులు అణగి, పూత చెదరక ఉన్న వెంట్రుకలోనికి నీరు నెమ్మదిగా ప్రవేశిస్తుంది. ఈ గుణమునే అల్ప సచ్ఛిద్రత అంటారు. ఇట్టి జుట్టు తడియుటకు ఆలస్యము, ఆరుటకు ఆలస్యము. నూనె పైపైనే నిలుస్తుంది.

కనుక ఇది చెడిన జుట్టు కాదు, చాలావరకు చెడని జుట్టు. రంగు పోగొట్టే హైడ్రోజన్ పెరాక్సైడు, జుట్టును సాగదీసే వేడి పలకలు ఆ పూతను, పొలుసులను దెబ్బతీస్తాయి. అప్పుడు నీరు త్వరగా పడుతుంది, అంత త్వరగానే పోతుంది. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానము వేలము వేస్తుంది. రసాయనములు సోకని, పొలుసులు చెదరని అట్టి జుట్టుకు విగ్గుల తయారీలో విదేశాలలో ఎంతో గిరాకీ. లోకము వెల పెట్టి కొనే గుణమును మనము లోపమని దుఃఖించుట విచిత్రము కాదా?

గ్లాసు పరీక్ష

ఒక వెంట్రుకను గ్లాసు నీటిలో వేసి, తేలితే అల్ప సచ్ఛిద్రత అని, మునిగితే అధిక సచ్ఛిద్రత అని నిర్ణయించే పరీక్ష ప్రచారములో ఉన్నది. వెంట్రుక సాంద్రత నీటి సాంద్రతకు సుమారు 1.3 రెట్లు. అయినను అది తేలుటకు కారణము నీటి తలతన్యత. మెల్లగా ఉంచిన సూది కూడ తేలుతుంది గదా! నూనె మరక, గాలి బుడగ, వేసిన తీరు, వీటిలో ఏది మారినా ఫలితము మారుతుంది. కావున ఈ పరీక్షను నమ్మి సొమ్ము ఖర్చు చేయరాదు. తలస్నానమున జుట్టు ఎంతసేపటికి తడిసినది, ఎంతసేపటికి ఆరినది అని రెండు మూడు వారములు గమనించుట మేలు.

మన ఊరి నీరు

సిద్దిపేట ప్రాంతము గ్రానైటు శిలలపై ఉన్నది. లోతు బోర్ల నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణములు తరచు ఎక్కువ. సబ్బు ఆ లవణములతో కలిసి కరగని తెట్టు కడుతుంది. ఆ తెట్టు వెంట్రుకపై పేరుకొని జుట్టును బిరుసుగా, కళాహీనముగా చేస్తుంది. మనము జుట్టు దోషమని నిందించేది పలుమార్లు ఈ తెట్టునే. కుంకుడు రసములోని సపోనిన్లు సబ్బు వలె తెట్టు కట్టవు. గజ్వేల్ సమీపమున కోమటిబండలో 2016 ఆగస్టు 7న ప్రారంభమైన మిషన్ భగీరథ నల్లా నీరు ఇంటికి వచ్చుచున్నచో, చివరి కడుగుడుకు దానినే వాడవలెను. బోరు నీరే గతియైనచో కాచి, తేరిన నీటిని వాడవచ్చును; తాత్కాలిక కాఠిన్యము మరిగించుటచే పోతుందని మనము రసాయనశాస్త్రములో చదివియున్నాము.

సంరక్షణ విధానము

తలస్నానమునకు అరగంట ముందు కొద్దిపాటి కొబ్బరినూనెను గోరువెచ్చగా చేసి పట్టించవలెను. ఇందలి లారిక్ ఆమ్లపు అణువు చిన్నది. వెంట్రుక లోనికి చొరబడగలదు. కొబ్బరినూనె జుట్టులోని మాంసకృత్తుల నష్టమును తగ్గిస్తుందని రేలే, మోహిలే అను పరిశోధకులు 2003లో ప్రకటించారు. నూనె చేతినిండ పోయరాదు. ఇంకనిది దుమ్మును పట్టుకొంటుంది. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల జడ కొన వయసు 5 సంవత్సరములన్నమాట! కుదురు కొత్తది, కొన పాతది. కనుక రసము కుదుళ్లకు, నూనె ఎక్కువగా కొనలకు చెందవలెను. జుట్టు పూర్తిగా తడిసేవరకు గోరువెచ్చని నీరు ఓపికగా పోయవలెను. తడి జుట్టును గట్టిగా దువ్వరాదు.

జుట్టు సాపు చేసే కొన్ని మందులు వేడికి ఫార్మాల్డిహైడు వాయువును వెలువరిస్తాయి. అది మానవులలో క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించినది. బలమైన జుట్టును బలహీనపరచుకొనుటకు ఇంత ఆపద కొనితెచ్చుకొనుట తగునా?

'షాంపూ' అను మాట హిందుస్తానీ 'చాంపో' నుండి పుట్టినది; ఒత్తు, మర్దించు అని దాని అర్థము. 1759లో పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణములో స్నానశాల నడిపి ఆ మర్దనమునకు అక్కడ పేరు తెచ్చినాడు. మన పెద్దలు మనకు ఇచ్చినది సీసా కాదు. గోరువెచ్చని నూనె, మెత్తని చేయి, కొంత ఓపిక. నీరు పట్టని జుట్టునకు కావలసినవి అవే. విరగబడిన పొలుసు మరల మొలవదు. ఉన్న పొలుసును కాపాడుకొనుటయే మన చేతిలో ఉన్నది.