సగం కట్టిన వంతెనకూ ఓ జాగ

నిర్మల్ కొయ్యబొమ్మ ముక్కల పని. తేలికైన పొనికి కర్రలోంచి చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి వాటిని అతికిస్తారు, నునుపు చేసి రంగులు వేస్తారు. ఒకసారి అతికాక ఇక విడదీసేది లేదు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మ ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల ఇళ్లలో షోకేసు అద్దం వెనక కుదురుగా నిలబడుతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే రాదు.

అదే ఇంట్లో బిల్డింగ్ బ్లాక్స్ సంగతి వేరు. పొద్దున అది ఇల్లు, మధ్యాహ్నం బొగ్గు లారీ, పొద్దుగూకేసరికి గోదావరి మీద వంతెన. ప్రతిదీ మళ్లీ విడిపోవాల్సిందే. రాత్రి అన్నాలకు కూర్చునే చోట ముక్కలన్నీ పరుచుకుని ఉంటాయి. "అన్నీ ఎత్తి డబ్బాల పెట్టు బిడ్డా" అంటుంది తల్లి. "ఇంకా కాలేదమ్మా" అంటాడు పిల్లాడు. గోదావరిఖనిలోనో శ్రీరాంపూర్‌లోనో సింగరేణి క్వార్టర్‌లో ఉన్నవే రెండు గదులైతే, తినడం, పడుకోవడం, చదవడం, ఆడడం అన్నీ ఆ నేల మీదే జరగాలి. తల్లి తొందరకు కారణం ఉంది.

అయినా ఈ గొడవలో న్యాయం పిల్లాడి వైపే ఎక్కువ. గంటసేపు మనసుపెట్టి కట్టినదాన్ని ఆ క్షణానే కూల్చమంటే, శ్రద్ధగా చేసిన పనికి విలువ లేదని చెప్పినట్టే. కాబట్టి సర్దడం డబ్బాలతో కాదు, సగంలో ఉన్న పనికి జాగ చూపడంతో మొదలవ్వాలి. వడ్రంగి దగ్గర మిగిలిన ప్లైవుడ్ చెక్క ఒకటి చాలు. కట్టేదంతా దాని మీదే కట్టాలి, రాత్రికి చెక్కను మంచం కిందికి నెట్టాలి. ఆదివారం దాకా అది ఎవరూ ముట్టని ఆస్తి, తర్వాత విప్పాల్సిందే. ఈ ఒప్పందం పిల్లాడితో మాట్లాడి చేసుకోవాలి. గడువు తనే ఒప్పుకున్నప్పుడు విప్పడం శిక్షగా అనిపించదు.

ఎత్తిపెట్టడాన్ని ఆటలోనే కలిపినవాడు జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్. 1837లో బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం బడి పెట్టి, కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడయ్యాడు. ఆయన తయారుచేసిన ఒక చెక్కపెట్టెలో ఎనిమిది చిన్న ఘనాలుండేవి. పెట్టెను బోర్లించి పైకి ఎత్తితే ఎనిమిదీ కలిసి ఒకే పెద్ద ఘనంగా కనిపించేవి. ఆట ముగిశాక వాటిని మళ్లీ ఒకే ఘనంగా కూర్చి పెట్టెలో ఇమడ్చాలి. ముక్క తక్కువైతే మూలన ఖాళీ కనిపిస్తుంది, ఎవరూ లెక్క అడగనక్కర్లేదు. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ సామగ్రిని చూసిన ఒక తల్లి తన కొడుక్కి తెచ్చిచ్చింది. ఆ కొడుకే అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆ కొయ్య దిమ్మెల స్పర్శ తన వేళ్లలో మిగిలిపోయిందని ముసలితనంలోనూ చెప్పుకున్నాడు.

ఇక వేరు చేయడం. చాలా ఇళ్లలో ఎర్రవన్నీ ఒకచోట, పచ్చవన్నీ ఒకచోట పోస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఆడేటప్పుడే చిక్కు. వేరే రంగు ముక్క కుప్పలో ఇట్టే కంటికి తగులుతుంది. వంద ఎర్ర ముక్కల్లో ఒక చిన్న ఎర్ర చక్రాన్ని వెతకాలంటే ఒక్కొక్కటీ తడమాలి. వేరే రంగు అంత తేలిగ్గా కంటికి ఎందుకు తగులుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఆన్ ట్రీస్‌మన్ 1980లో వెలువరించిన పరిశోధన వివరించింది. అందుకే బ్లాక్స్‌ను ఆకారాన్ని బట్టి వేరు చేయాలి: పొడవువి, పలకలు, చక్రాలు, కిటికీలు. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు, గునుగు, బంతి ఏ రంగుకారంగు వేరు చేయడం సబబే, అక్కడ వరుస పేర్చేది రంగుతో. ఏ పని కోసం సర్దుతున్నామో ముందు ఆలోచించుకోవడం పిల్లలకు రేపు పుస్తకాల అరలోనూ, ఎల్లుండి ఆఫీసు ఫైళ్లలోనూ అక్కరకొస్తుంది.

మూడేళ్ల పిల్ల రంగుల దగ్గరే ఆగిపోతే ఆగనివ్వాలి. "ఎర్రదీ, పెద్దదీ" అని రెండు గుణాలు కలిపి చూడడం, ఒక పెద్ద గుంపులో చిన్న గుంపు ఇమిడి ఉంటుందని పట్టుకోవడం ఏడెనిమిదేళ్లకు కుదురుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే పరిశీలనలు చెబుతాయి. పిల్ల పడుకున్నాక అమ్మానాన్నలే ఇరవై డబ్బాలకు చీటీలు అంటించి సర్దేస్తే అరలు అందంగా ఉంటాయి, పిల్లకు మాత్రం ఏమీ రాదు. నాలుగే డబ్బాలు, పేర్లు పిల్ల పెట్టినవే ఉండాలి. సన్న ముక్కల్ని వేరు చేయడానికి వంటింటి పాత జల్లెడ ఇస్తే అదో కొత్త ఆట అవుతుంది.

అన్నీ ఒకేసారి నేల మీదికి రావాల్సిన పనీ లేదు. అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల మధ్య ఉన్న 36 మంది పిల్లల్ని గమనించి ఫలితాలను 2018లో ప్రచురించారు. పదహారు బొమ్మలున్నప్పటి కంటే నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. కొరత పడుతుందన్న భయం అక్కర్లేదు. ఒకే రంగు, ఎనిమిది బొడిపెలున్న ఆరు లెగో ఇటుకల్ని 91,51,03,765 రకాలుగా కలపొచ్చు. సగం ముక్కల్ని సజ్జ మీదికి ఎక్కించి, నెలకోసారి మార్చితే పాతవే కొత్తవవుతాయి. కింద పాత చద్దరు పరిచి దాని మీదే ఆడిస్తే నాలుగు కొసలు పట్టి మూట కట్టడం నాలుగేళ్ల పిల్లకూ చేతనవుతుంది.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడాలి. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే ఇలాంటి ఆటబొమ్మలకు అది తప్పనిసరి. ఇంట్లో మూడేళ్లలోపు పసివాళ్లుంటే సన్న ముక్కల డబ్బా ఎత్తున ఉండాలి, చిన్నది నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది. ఓపెన్ కాస్ట్ గనుల దుమ్ము చేరే ఊళ్లలో అప్పుడప్పుడూ కడగక తప్పదు. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు చాలు, 40 డిగ్రీలు దాటకూడదు. ఆరబెట్టడం నీడలోనే, ఎండ ఎక్కువైతే తెల్ల ముక్కలు పసుపు తిరుగుతాయి. బాగా చూసుకుంటే ఇవి తరాలు నిలుస్తాయి. 1958లో లెగో పేటెంటుకు పెట్టిన ఇటుక ఈనాటి ఇటుకకూ సరిగ్గా బిగుస్తుంది. పిల్లలు పెద్దయ్యాక ఆ మూటను ఊరి అంగన్‌వాడీకి ఇవ్వాలనుకుంటే, ఏవి ఇవ్వాలో ఏవి ఉంచుకోవాలో కూడా వాళ్లనే తేల్చుకోనివ్వాలి.