చదువుకుంటూ సంపాదన

పూర్వం తెలుగునాట నిరుపేద విద్యార్థులు వారాలు చేసుకొని చదువుకొనేవారు. ఆదివారం ఒక ఇంట, సోమవారం మరొక ఇంట భోజనం. ఏడు రోజులకు ఏడు ఇళ్ళు కుదిరితే ఆ విద్యార్థికి ఆ సంవత్సరం గడిచినట్లే. ఒక ఇల్లు తప్పిపోతే ఆనాడు పస్తు. అన్నం పెట్టిన ఇల్లాలికి బావి నుండి నీళ్ళు తోడి ఇవ్వడం, అంగడికి వెళ్ళి రావడం, ఆ ఇంటి పిల్లవానికి ఎక్కాలు అప్పజెప్పించుకోవడం వంటి పనులు చేసేవారు కొందరు. ఆ ఏర్పాటులో జీతం అనే మాట లేదు. పెట్టేవారిది దయ, తినేవానిది కృతజ్ఞత. ఎంత మంచి ఇల్లయినా, పరాయి వాకిట నిలబడి పిలుపు కోసం ఎదురుచూడడం అభిమానవంతుడైన బాలునికి కష్టమే.

నేటి విద్యార్థి చేసే పార్ట్‌టైమ్ ఉద్యోగంలో ఆ ఇబ్బంది లేదు. చేసిన పనికి కూలి పుచ్చుకొంటాడు. ఎవరి ముందూ తల వంచవలసిన అవసరం లేదు. అయితే వారాల అబ్బాయికి లేని చిక్కు ఒకటి ఇతనికి ఉన్నది. ఇతడు అమ్ముకొంటున్నది తన సమయాన్ని. చదువుకు కావలసినదీ ఆ సమయమే.

పని చేస్తూ చదువుకొన్నవారి ప్రస్తావన వచ్చినప్పుడు అబ్దుల్ కలాం బాల్యం గుర్తుకు రావడం సహజం. రెండవ ప్రపంచ యుద్ధం 1939లో ఆరంభమైంది. ఆ రోజులలో రామేశ్వరంలో రైలు ఆగడం మానివేసింది. వార్తాపత్రికల కట్టలను రామేశ్వరం, ధనుష్కోటి మధ్య నడుస్తున్న రైలు నుండి విసిరివేసేవారు. వాటిని అందుకోవడంలో తన బంధువు శంసుద్దీనుకు కలాం తోడ్పడ్డాడు. అదే అతని తొలి సంపాదన. ఆ జ్ఞాపకాన్ని ఆయన వృద్ధాప్యంలోనూ గర్వంగా చెప్పుకొన్నాడు.

ఒక బాలుని అవసరంగా కనిపించే ఈ విషయాన్ని ఒక విద్యావిధానంగా మలచినవాడు మహారాష్ట్రకు చెందిన కర్మవీర్ భావూరావ్ పాటిల్. 1919లో ఆయన రయత్ శిక్షణ్ సంస్థను స్థాపించాడు. చదువుకు తగిన స్తోమత లేని రైతుబిడ్డలు తమ శ్రమతోనే చదువుకోవాలన్నది ఆయన సంకల్పం. పుణె విశ్వవిద్యాలయంలో ఆయన పేరిట 'సంపాదిస్తూ చదువుకో' పథకం నడుస్తున్నది. విద్యార్థులు తాము చదివే చోటనే గ్రంథాలయంలోనో, కార్యాలయంలోనో, తోటలోనో రోజుకు కొన్ని గంటలు పని చేస్తారు. పని ఇచ్చేదీ చదువు చెప్పేదీ ఒకే సంస్థ కావడం చేత పరీక్షల కాలంలో ఆ రెంటికీ పోరు ఉండదు. ఈ సౌలభ్యం బయటి ఉద్యోగాలలో లభించడం అరుదు.

తెలుగు పట్టణాలలో ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులకు సులభంగా దొరికే పని పెళ్ళిళ్ళలో వడ్డన. క్యాటరింగ్ నడిపేవారికి ఒక్కొక్క ముహూర్తానికి పదుల సంఖ్యలో కుర్రవాళ్ళు కావాలి. వారిని పోగుచేసే మేస్త్రీ తరచుగా మరొక విద్యార్థే. సాయంత్రం ఫోను వస్తుంది. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకొని కల్యాణమండపానికి చేరాలి. విస్తళ్ళు పరవడం, బకెట్టుతో సాంబారు, పళ్ళెంతో బూరెలు పంక్తి పొడవునా వంగి వడ్డించుకొంటూ పోవడం, మూడు నాలుగు పంక్తులు లేచేదాకా నడుము ఎత్తకపోవడం. ఇదీ ఆ పని. చివరి పంక్తి తరువాత మిగిలిన పాత్రలు లెక్క చూసి అప్పగించి, ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. డబ్బు మాత్రం చాలాచోట్ల ఆ రాత్రే చేతిలో పడుతుంది. బస్సు పాసుకో, పరీక్ష రుసుముకో డబ్బు లేని ఇంట ఆ నోట్ల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే పంచాంగానికీ పరీక్షల కాలపట్టికకూ ఒక పేచీ ఉన్నది. మాఘ, ఫాల్గుణ మాసాలలో పెళ్ళిళ్ళు మెండు. ఇంటర్మీడియట్ ప్రయోగ పరీక్షలు, వార్షిక పరీక్షలు సరిగ్గా ఆ రోజులలోనే వస్తాయి. మేస్త్రీ పిలుపు ఎక్కువయ్యేదీ, పుస్తకం పిలుపు ఎక్కువయ్యేదీ ఒకేసారి. రాత్రి వడ్డన చేసి వచ్చినవాడు మరునాడు ఉదయం భౌతికశాస్త్ర తరగతిలో కళ్ళు తెరిచి కూర్చోవడమే గొప్ప. ఒక ముహూర్తం వలన చదువు చెడదు. వరుసగా పది ముహూర్తాలు వచ్చినప్పుడు చెడుతుంది. ఈ నష్టం వెంటనే కనబడదు. ఫలితాలు వచ్చిననాడు కనబడుతుంది. అందువలన పని కుదుర్చుకొనేటప్పుడే 'జనవరి చివరి నుండి పరీక్షలు ముగిసేదాకా రాను' అని చెప్పగలిగినవాడు నిలదొక్కుకొంటాడు. ఆ మాట అంటే మరల పిలువరేమో అన్న భయం నిజమైనదే. కానీ చురుకైన కుర్రవానిని వేసవిలో ఏ మేస్త్రీ వదులుకోడు.

వార్తాపత్రికలు పంచే పని ఇందుకు భిన్నం. తెల్లవారుజామునే లేచి, అనుబంధాలను పత్రికల మధ్య చేర్చుకొని, సైకిలు మీద వీధులు తిరిగి వస్తే కళాశాల వేళకు ముందే పని ముగుస్తుంది. రాత్రి పెందలకడ నిద్రపోయే అలవాటు ఉన్నవానికి ఇది సరిపోతుంది. పత్రిక తెప్పించుకొనే ఇళ్ళు మునుపటికన్న తగ్గాయి గనుక ఈ పని అన్నిచోట్లా దొరకదు.

చదువుకు మేలు చేసే పని ఏదైనా ఉంటే అది ట్యూషను చెప్పడం. ఏడవ తరగతి పిల్లవానికి భిన్నాలు బోధించబోయి, తనకే అవి సరిగా తెలియవని గ్రహించిన ఇంటర్మీడియట్ విద్యార్థులు ఎందరో. 'ఎందుకు తలకిందులు చేసి గుణించాలి?' అని పిల్లవాడు అడిగినప్పుడు జవాబు వెదకక తప్పదు. అలా వెదకి తెలుసుకొన్నది పరీక్షలోనూ మరచిపోరు. వీధిలో ఇద్దరు తల్లిదండ్రులు నమ్మితే మూడవవారు తామే వస్తారు.

ఇటువంటి చిన్న పనులకు ప్రకటనలు అరుదు. మందుల దుకాణం, స్టేషనరీ అంగడి, జిరాక్సు కేంద్రం, సూపర్‌మార్కెట్టు. వీటి యజమానులు ఎక్కువగా తెలిసినవారి మాట మీదనే మనిషిని పెట్టుకొంటారు. రద్దీ లేని మధ్యాహ్న వేళ వెళ్ళి అడగడం, అధ్యాపకుని చేత ఒక పరిచయ లేఖ వ్రాయించుకోవడం ఉపకరిస్తాయి. కుదుర్చుకొనేముందు ఎన్ని గంటలు, జీతం ఎంత, ఏ తేదీన ఇస్తారు, పరీక్షలకు సెలవు దొరుకుతుందా అన్నవి తేల్చుకోవాలి. మొగమాటం వలన వీటిని అడగనివారే నెల చివర బాధపడతారు.

వయసును కూడా గమనించాలి. ఇంటర్మీడియట్ విద్యార్థులలో చాలామందికి పద్దెనిమిది నిండి ఉండవు. 1986 నాటి బాల కార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ ప్రకారం, పద్నాలుగు నుండి పద్దెనిమిది ఏళ్ళ లోపువారిని గనులలో, పేలుడు పదార్థాలవద్ద, ఇతర ప్రమాదకర ప్రక్రియలలో పనికి పెట్టుకోరాదు. పద్దెనిమిది నిండనివారు గేర్లున్న మోటారు సైకిలు నడపడం కూడా నేరమే. మైనరు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ళదాకా జైలు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చునని 2019 నాటి సవరణ చెబుతున్నది. అన్నగారి లైసెన్సు మీద ఆహార పొట్లాలు చేరవేసే తమ్ముడు ఈ సంగతి తెలుసుకోవాలి.

విదేశాలకు వెళ్ళిన తెలుగు విద్యార్థులకూ ఈ సమస్య తప్పలేదు. అమెరికాలో చదివే విదేశీ విద్యార్థి తరగతులు జరిగే రోజులలో వారానికి ఇరవై గంటలకు మించి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పని చేయరాదు. ప్రత్యేక అనుమతి లేనిదే ప్రాంగణం వెలుపల అసలే చేయరాదు. ఆ నియమం తప్పి పెట్రోలు బంకులలో, హోటళ్ళలో పని చేసి పట్టుబడినవాని వీసాకే ఎసరు వస్తుంది. చదువుకొనేవాడు ఎంత పని చేయవచ్చునన్న ప్రశ్నకు ఒక దేశం ఇచ్చిన కొలత అది. ఉదయం నుండి సాయంత్రందాకా తరగతులు, ఆపైన స్టడీ అవర్లు ఉండే మన జూనియర్ కళాశాల విద్యార్థికి అందులో సగమే భారం.

ఇక మోసాలు. ఇంట కూర్చొని డేటా ఎంట్రీ చేస్తే వేలు వస్తాయనీ, ముందుగా రిజిస్ట్రేషన్ రుసుము కట్టాలనీ వచ్చే సందేశాలను నమ్మరాదు. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు గాని పుచ్చుకోడు. ఇంతకన్న ప్రమాదకరమైనది బ్యాంకు ఖాతాను అద్దెకు అడగడం. దొంగసొమ్ము ఆ ఖాతా గుండా ప్రవహిస్తుంది. పోలీసులు మొదట వెదికేది ఖాతాదారుననే. డబ్బు పోగొట్టుకొన్నవారు సిగ్గుపడి దాచక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేస్తే ఆ సొమ్మును నిలుపుదల చేయించే అవకాశం ఉంటుంది.

మొదటి సంవత్సరం పరీక్షలు ముగిసిన తరువాత జూనులో కళాశాల తెరిచేదాకా దొరికే వేసవి సెలవులు పనికి అనువైన కాలం. అప్పుడు రాత్రి ఆలస్యమైనా మరునాడు తరగతి ఉండదు. రెండవ సంవత్సరపు పుస్తకాలకూ, రుసుముకూ అప్పుడే కొంత కూడబెట్టుకోవచ్చు. వైశాఖ మాసపు ముహూర్తాలూ ఆ రోజులలోనే వస్తాయి.