పాత కంప్యూటర్‌లో లినక్స్ మింట్ వేసుకుందాం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ప్రాసెసర్ కూడా కొత్తదై ఉండాలి. చాలా ఇళ్లలోని లాప్‌టాప్‌లు అక్కడే ఆగిపోతాయి. బాగా పనిచేస్తున్న కంప్యూటర్‌ను అందుకోసం పాత సామాన్లకు వేసేయనక్కర్లేదు. అందులో లినక్స్ మింట్ వేసుకుందాం. 2006 నుంచి వస్తున్న ఈ ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితం, దాని సోర్సు కోడ్ ఎవరైనా చూడొచ్చు. విండోస్‌కు అలవాటుపడిన చేతులకు పెద్ద తేడా అనిపించదు. పని కష్టం కాదు గానీ వరస తప్పకూడదు. ఇందులో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం తొందరలో ఒక అడుగు దాటేయడం వల్ల వచ్చేవే.

మొదలుపెట్టే ముందు ఒక్కటి తేల్చుకుందాం. అనూ ఫాంట్లతో డీటీపీ చేసేవారు, ట్యాలీలో దుకాణం లెక్కలు రాసేవారు విండోస్‌ను తీసేయకండి. అవి విండోస్ కోసం తయారైనవి. మీరు విండోస్, మింట్ రెండింటినీ పక్కపక్కన ఉంచుకోవాలి. ఇంటర్నెట్, సినిమాలు, ఉత్తరాలు, పిల్లల చదువు వరకే అయితే మింట్ ఒక్కటే చాలు.

కావలసినవి

• 64 బిట్ కంప్యూటర్. ర్యామ్ 4 జీబీ ఉంటే మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, 8 జీబీ ఉంటే సిన్నమన్ రకం ఎంచుకుందాం.
• 8 జీబీ పెన్‌డ్రైవ్. అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి.
• మన ఫైళ్లు దాచుకోవడానికి వేరే హార్డ్‌డిస్క్.
• లాప్‌టాప్ అయితే ఛార్జర్, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్. డిస్క్‌ను భాగాలు చేస్తున్నప్పుడు కరెంటు పోకూడదు.

విధానం

1. ఫైళ్లు దాచుకుందాం. ఫొటోలు, పత్రాలు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు అన్నీ బయటి డిస్క్‌లోకి వెళ్లాలి. కాపీ అయిపోయాక నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే కాపీ అయినట్టు.

2. మింట్ ఇన్‌స్టాల్ చేయడానికి కావలసిన ఐఎస్ఓ ఫైలును అధికారిక వెబ్‌సైట్ నుంచే దించుకుందాం. దాదాపు 3 జీబీ ఉంటుంది. దిగాక సరిచూడటం మానకండి. 2016 ఫిబ్రవరిలో దుండగులు మింట్ వెబ్‌సైట్‌లోకే చొరబడి, దొంగ ఫైలుకు లింకు పెట్టారు. సెవెన్‌జిప్ ఉంటే ఫైలు మీద కుడి క్లిక్ చేసి ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క తీయండి. వచ్చిన 64 అక్షరాల వరస సైట్‌లో ఇచ్చిన దానితో అచ్చంగా సరిపోవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు తీసేసి మళ్లీ దించుకోండి.

3. బలీనా ఎచర్ లేదా రూఫస్‌తో ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లోకి రాద్దాం. మామూలు ఫైలులా కాపీ చేసి పెడితే కంప్యూటర్ దాని నుంచి మొదలవదు. కొత్తవారు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

4. విండోస్‌ను సిద్ధం చేద్దాం. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకుని, తర్వాత బిట్‌లాకర్ ఆపేయండి. రెండూ ఉంచుకునేవారు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను కుదించి, కనీసం 60 జీబీ ఖాళీ వదలండి.

5. కంప్యూటర్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవో, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. జాబితాలో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే మింట్ తెర వస్తుంది.

6. ఇప్పుడే ఇన్‌స్టాల్ నొక్కకండి. ఈ దశలో మింట్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, డిస్క్‌ను ముట్టుకోదు. ఇలా ముందు వాడి చూసుకునే వీలు ఉండటం నాకెంతో ఇష్టం. వైఫై, శబ్దం, వెలుతురు కీలు, టచ్‌ప్యాడ్, కెమెరా ఒక్కొక్కటీ చూడండి. వైఫై రాకపోతే బెంబేలెత్తవద్దు, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. ఇంటర్నెట్ వచ్చేస్తుంది, డ్రైవర్ తర్వాత వేసుకోవచ్చు.

7. అన్నీ బాగుంటే తెర మీది ఇన్‌స్టాల్ గుర్తు నొక్కుదాం. భాష, కీబోర్డ్ అడుగుతుంది. మల్టీమీడియా కోడెక్స్ పెట్టెలో టిక్ పెట్టండి.

8. తర్వాత వచ్చే ప్రశ్న దగ్గర చెయ్యి మౌస్ మీది నుంచి తీసి, రెండుసార్లు చదవండి. ‘ఎరేజ్ డిస్క్’ అంటే విండోస్‌తో సహా డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది. ‘ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్’ అంటే రెండూ ఉంటాయి. రెండు డిస్కులున్న కంప్యూటర్‌లో ఏ డిస్క్ ఎంపికై ఉందో దాని సైజును బట్టి పోల్చుకోండి. ‘సమ్‌థింగ్ ఎల్స్’ జోలికి మొదటిసారే వెళ్లవద్దు. ఇందాక తీసి పెట్టుకున్న బయటి హార్డ్‌డిస్క్ కంప్యూటర్‌కు తగిలించి ఉంటే ఇప్పుడే పీకేయండి.

9. సమయ మండలంగా కోల్‌కతా ఎంచుకుని, పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. పూర్తయ్యాక తెర చెప్పినప్పుడు పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ నొక్కండి.

మొదటి రోజు, ఆ తర్వాత

ముందుగా టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీసుకుందాం. ఏదైనా అప్‌డేట్ తేడా చేస్తే సిస్టమ్‌ను నిన్నటి స్థితికి తెచ్చేది ఇదే. ఆ తర్వాతే అప్‌డేట్ మేనేజర్‌లో అన్నీ వేసి, డ్రైవర్ మేనేజర్ చూడండి. ఇక వారానికోసారి అప్‌డేట్ చేస్తే చాలు. మింట్ 22 వరసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

తెలుగు రాయడానికి కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేర్చితే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు రప్పించే అలవాటున్నవారు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ ఎం17ఎన్ వేసుకోండి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి కూడా అందులో ఉంటుంది. వేశాక ఒకసారి లాగౌట్ అయి రావాలి. అది చేయక, పనిచేయడం లేదనుకునేవారు చాలామంది.

తరచూ జరిగే పొరపాట్లు

టైమ్‌షిఫ్ట్ మన ఫొటోలను కూడా దాస్తుందనుకోవడం వీటిలో పెద్దది. మామూలుగా అది సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది. సొంత ఫైళ్లకు బయటి డిస్క్ మీద వేరే కాపీ ఎప్పుడూ ఉండాలి.

రెండూ ఉంచుకున్నవారికి విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి కనబడొచ్చు. అంటే బ్యాటరీ పోయిందని కాదు. మింట్ గడియారాన్ని గ్రీనిచ్ లెక్కలో దాస్తే, విండోస్ దాన్ని మన సమయమనుకుని చదువుతుంది. విండోస్ సమయం సెట్టింగుల్లో సింక్ నొక్కితే అప్పటికి సరిపోతుంది.

ఎక్కడో చూసిన ఆదేశాన్ని అర్థం తెలియకుండా టెర్మినల్‌లో అతికించవద్దు. సుడో అని మొదలయ్యే ఆదేశానికి సిస్టమ్ మొత్తం మీద అధికారం ఉంటుంది.

సెక్యూర్ బూట్ ఉన్న కంప్యూటర్‌లో కోడెక్స్ టిక్ పెట్టినప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. తిరిగి ఆన్ చేయగానే నీలం తెర వస్తుంది. అది చూసి భయపడి కంటిన్యూ నొక్కేస్తే కొన్ని డ్రైవర్లు పనిచేయవు. ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వండి. కొన్ని సెకన్లలో ఏ కీ నొక్కకపోతే ఆ తెర దానంతటదే వెళ్లిపోతుంది. కాబట్టి రీస్టార్ట్ చేసేటప్పుడు కంప్యూటర్ ముందే కూర్చోండి.