మూగరోగికి నోరు మనమే

వైద్యం ప్రశ్నతో ప్రారంభమవుతుంది. "నొప్పి ఎక్కడ? ఎన్నాళ్ళ నుండి? ఏమి తిన్నావు?" అని వైద్యుడు అడుగుతాడు, రోగి చెబుతాడు. చెప్పలేని పసిబిడ్డ పక్షాన తల్లి చెబుతుంది. కాని రోగి గొర్రె అయినప్పుడు, ఎద్దు అయినప్పుడు, ఇంటి కుక్కపిల్ల అయినప్పుడు ఆ ప్రశ్నలకు సమాధానం చెప్పవలసినవారెవరు? ఆ జీవిని పెంచినవారే. కనుక పెంపకం అంటే మేత వేసి, నీరు పెట్టి, ప్రేమతో నిమరటం మాత్రమే కాదు; గమనించటం, గమనించినదానిని వేళ మించకుండా, దాచకుండా వైద్యునికి చెప్పటం. విద్యార్థులకు ఈ విషయాన్ని సోదాహరణంగా వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

భాషలో దాగిన సత్యం

మన భాషలు ఈ సంగతిని ఏనాడో గుర్తించాయి. తెలుగులో పశువును "మూగజీవి" అనీ, "నోరులేనిది" అనీ అంటాము. ఉర్దూలో "బేజుబాన్" అంటారు. నాలుక లేనిది, మాట లేనిది అని అర్థం. రాయలసీమలో గొర్రెలను, మేకలను కలిపి "జీవాలు" అంటారు. "ఎన్ని జీవాలున్నాయి?" అని ఒక కాపరిని మరొక కాపరి అడుగుతాడు. కరవు సీమలో ఆ ప్రాణాల మీద తన ప్రాణం నిలిచి ఉన్నదని ఎరిగినవాని మాట అది.

ఉర్దూలో గుఱ్ఱాల వైద్యుని "సలోత్రీ" అని పిలిచేవారు. ఆ మాటకు మూలం అశ్వవైద్యానికి ఆద్యుడని మన సంప్రదాయం చెప్పే శాలిహోత్రుని పేరు. ఆయన పేరు మీద వెలసిన సంస్కృత గ్రంథం మధ్యయుగంలో పారసీకంలోకి అనువాదమైంది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ శాస్త్రాన్ని రచించాడు. మూగజీవి క్షేమాన్ని కోరిన శాస్త్రం ఒక్క భాషకో, ఒక్క జాతికో పరిమితం కాలేదనటానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

పశువైద్యశాల ముంగిట

కర్నూలు పాత పట్టణానికి హంద్రీ ఆవలి ఒడ్డున కల్లూరు ఉన్నది. ఒకప్పటి పల్లె ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. అయినా ఉలిందకొండ, చిన్నటేకూరు, పెదపాడు వంటి గ్రామాలు మండలంలో ఉండనే ఉన్నాయి. ఇటువంటి చోట పశువైద్యశాల ముంగిట పల్లె, పట్టణం రెండూ కలుస్తాయి. ఒకవైపు ఇనుప గొట్టాల చట్రంలో నిలబెట్టిన గేదె, మరొకవైపు కాపరి భుజం మీది గొర్రెపిల్ల, వరండాలో గొలుసు పట్టుకొని కూర్చున్న కళాశాల విద్యార్థి, గంపలో కప్పి తెచ్చిన కోడిపుంజు. రోగులందరూ మూగవారే. వైద్యుడు జ్వరం చూస్తాడు, కనురెప్ప తిప్పి చూస్తాడు, పొట్ట మీద చెవి పెడతాడు. కాని నిన్న సాయంత్రం ఆ పశువు ఎక్కడ మేసిందో ఏ పరికరమూ చెప్పలేదు. దానిని మనిషే చెప్పాలి.

ఒక్క మాట నిలిపిన ప్రాణం

రాయలసీమ రైతుకు "నాము" అనే మాట తెలుసు. వానలు లేక గిడసబారిన జొన్న పైరులోను, కోసిన మోళ్ళ నుండి వచ్చిన లేత పిలకలలోను ఒక విషపదార్థం పేరుకొంటుంది. పశువు దానిని మేస్తే కడుపులో హైడ్రోసయానిక్ ఆమ్లం విడుదలవుతుంది. పశువు రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, తూలి పడి కొట్టుకొంటుంది. కొద్దిసేపటిలోనే ప్రాణం పోవచ్చు. దీనికి విరుగుడు ఉన్నది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ అనే మందులను వైద్యుడు నరానికి ఎక్కిస్తాడు. అయితే తూలి పడే పశువులన్నింటికీ కారణం ఒకటే కాదు. "జొన్న పిలకల్లో పడి మేసింది, సారూ" అని ఆ రైతు మొదటనే చెప్పిన ఒక్క మాట వైద్యునికి దారి చూపుతుంది. ఇతరుల చేలో పడి మేసిన సంగతి బయటపడుతుందని దానిని దాచితే, పోయేది రైతు సొత్తే.

"చిటుకు రోగం" మరొక ఉదాహరణ. చిటుకు వేసినంతలో గొర్రె పడిపోతుంది గనుక దానికా పేరు. గొర్రె పేగులలో సహజంగా ఉండే ఒక సూక్ష్మజీవి, తొలకరికి మొలిచిన లేత గడ్డిని గొర్రె ఒక్కసారిగా కడుపునిండా మేసినప్పుడు విపరీతంగా వృద్ధి చెంది విషాన్ని పుట్టిస్తుంది. ఇక్కడ లక్షణాలు చెప్పటానికి కూడా వ్యవధి ఉండదు. వానలకు ముందే టీకా వేయించటం, నట్టల మందు తాగించటం తప్ప మార్గాంతరం లేదు.

"దొమ్మ" అని పిలిచే ఆంత్రాక్స్ విషయంలో మౌనం మరింత ప్రమాదకరం. జీవం హఠాత్తుగా చనిపోయి, ముక్కు నుండి గడ్డకట్టని రక్తం కారితే దానిని కోయరాదు, చర్మం ఒలవరాదు, మాంసం పంచుకోరాదు. గాలి సోకిన ఆ క్రిమి గట్టి కవచం ధరించి నేలలో దశాబ్దాల తరబడి జీవించగలదు. నష్టాన్ని కొంతైనా పూడ్చుకొందామని రహస్యంగా కోసిన మాంసం మనుషులకు కూడా రోగాన్ని అంటిస్తుంది. అటువంటి మరణాన్ని వెంటనే పశువైద్యునికి తెలపటం ఊరి యెడల మన ధర్మం.

ఇంటిలోని చిన్న ప్రాణులు

పట్టణంలో కుక్కను, పిల్లిని పెంచే అలవాటు పెరిగింది. ముచ్చటపడి తెచ్చినంత సులభం కాదు, వాటిని పోషించటం. కుక్కపిల్లకు 6 నుండి 8 వారాల వయస్సులో పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలు పెట్టాలి; మూడు నెలలకు రేబిస్ టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయించాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్క శరీరోష్ణం సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. మన చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన దానికి జ్వరమని భ్రమపడరాదు. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పి తన వేడిని తగ్గించుకొంటుంది. కర్నూలు ఎండలు 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటే రోజులలో దానిని రేకుల కింద కట్టివేయటం ప్రాణం తీయటంతో సమానం.

సొంత వైద్యం మరొక దోషం. మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ పిల్లికి విషం. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క మాత్రే ప్రాణాపాయం కలిగించగలదు. ఒకవేళ తెలియక వేసి ఉంటే, ఆ సంగతిని సిగ్గుపడకుండా వైద్యునికి చెప్పటమే దానిని బ్రతికించే మొదటి చికిత్స.

దాచిన కాటు

విద్యార్థులారా! ఇంతవరకు చెప్పినదంతా ఒక ఎత్తు, రేబిస్ ఒక ఎత్తు. ఇక్కడ మూగబోయేది పశువే కాదు, బిడ్డ కూడా. వీధికుక్కను రాళ్ళతో కొట్టినందుకు తిడతారని, సూదులు పొడుస్తారని పిల్లలు కాటును దాచిపెడతారు. రేబిస్ క్రిమి గాయం నుండి నరాల గుండా మెదడుకు చేరుతుంది. దానికి సాధారణంగా రెండు మూడు నెలలు, ఒక్కొక్కప్పుడు కొద్ది రోజులే, అరుదుగా ఏడాదికి పైగా పట్టవచ్చు. లక్షణాలు బయటపడిన తరువాత బ్రతికినవారు అత్యంత అరుదు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధితో మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో పదింట నలుగురు 15 ఏళ్ళ లోపు పిల్లలే.

1885లో లూయీ పాశ్చర్ తన టీకాతో పిచ్చికుక్క కరచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుని కాపాడాడు. పూర్వం మన దేశంలో పశువుల మెదడు నుండి తీసిన టీకాను బొడ్డు చుట్టూ 14 సూదులుగా వేసేవారు. ఆ పద్ధతి 2005 నాటికి ఆగిపోయింది. ఇప్పుడు చర్మంలో వేసే పద్ధతిలో కాటు తరువాత మొదటి రోజు, ఆపైన 3, 7, 28వ రోజులలో చేతికి టీకా వేస్తారు. లోతైన గాయాలకు ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. ఆనాటి సూదుల భయం మాత్రం ఇళ్ళలో ఇంకా కథలుగా చెప్పుకొంటూనే ఉన్నారు. ఆ కథ విని కాటును దాచిన బిడ్డ ప్రాణాన్ని పోగొట్టుకొంటాడు.

కాటు పడిన వెంటనే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. సున్నం, కారం, పసరు పూయరాదు. ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకొక హెచ్చరిక. రేబిస్ ఆవుకు, గేదెకు కూడా వస్తుంది. అది చొంగ కారుస్తూ మింగలేకపోతే, గొంతులో ఏదో అడ్డుపడిందని తలచి నోటిలో చేయి పెట్టేవారున్నారు. చేతి మీది చిన్న గీరుకు ఆ లాలాజలం తగిలినా ప్రమాదమే. కొద్దికాలం క్రితం ఆ పశువును కుక్క కరచిన సంగతి ఎవరికైనా తెలిసి ఉంటే, వైద్యుడు అడగకముందే చెప్పాలి.

వైద్యునికి చెప్పవలసినవి

పశువైద్యశాలకు వెళ్ళేవారు ఈ ఐదు విషయాలను ముందుగా గుర్తుచేసుకోవటం మంచిది:

1. మేత, నీరు, నెమరు ఎప్పటి నుండి తగ్గినవి?
2. నిన్న, మొన్న ఏమి తిన్నది, ఎక్కడ మేసింది?
3. పేడ, మూత్రం ఎట్లున్నవి?
4. ఇంటిలో ఏ మందు వేశారు?
5. ఏ టీకాలు ఎప్పుడు వేయించారు? ఏ జంతువైనా కరచినదా?

ఈ సమాధానాలు రాసి ఉంచటానికి ఒక చిన్న నోటుపుస్తకం చాలు. చదువురాని ఇంటిలో ఆ పుస్తకం రాయవలసిన బాధ్యత చదువుకొన్న బిడ్డది.

శతాబ్దాలుగా పశుసంపదను మట్టుపెట్టిన "పెద్దరోగం" 2011లో భూమి మీద నుండి పూర్తిగా నిర్మూలించబడినట్లు ప్రపంచ సంస్థలు ప్రకటించాయి. మశూచి తరువాత మనిషి ప్రయత్నంతో రూపుమాసిన వ్యాధి అదొక్కటే. ఆ విజయం టీకాది, శాస్త్రజ్ఞులది. అంతే సమానంగా తన మందలో రోగం కనబడగానే వచ్చి చెప్పిన పేరులేని కాపరిది కూడా. మన కళాశాల విద్యార్థులలో కొందరు రేపు తిరుపతి, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలలో చేరి ఆ శాస్త్రాన్ని అభ్యసించవచ్చును. తక్కినవారు ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళి, తమ్ముళ్ళను, చెల్లెళ్ళను దగ్గర కూర్చుండబెట్టుకొని, "కుక్క గీరినా సరే, దాచకుండా చెప్పండి, మిమ్మల్ని ఎవరూ కొట్టరు" అని చెప్పవచ్చును.