మోటారుకు జబ్బు చేస్తే...

రోగి రాగానే డాక్టరు కత్తి పట్టుకోడు. ముందు నాడి చూస్తాడు, గుండె చప్పుడు వింటాడు, "ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని అడుగుతాడు. ఫ్యాక్టరీలో మోటారు మొరాయించినప్పుడు మంచి ఎలక్ట్రీషియను కూడా వెంటనే స్పానరు పట్టుకుని విప్పడు. వింటాడు, కొలుస్తాడు, ఆలోచిస్తాడు. విప్పడం ఆఖరి పని.

ఆ ఆలోచన ఎలా సాగుతుందో చూద్దాం. దానికి ముందు మోటారు ఎలా తిరుగుతుందో తెలియాలి కదా!

తాకకుండా తిప్పే శక్తి

బియ్యం మిల్లుల్లో, నూలు మిల్లుల్లో, సిమెంటు ఫ్యాక్టరీలలో ఎక్కువగా కనిపించేది మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు. ఈనాటి రూపంలో దీనిని 1889లో డొలివో-డొబ్రొవోల్‌స్కీ అనే రష్యన్ ఇంజనీరు తయారుచేశాడు.

దీనిలో కదలని భాగం స్టేటరు. దానిలో మూడు జట్ల రాగి తీగ చుట్లు ఉంటాయి. ఎరుపు, పసుపు, నీలం అని పిలిచే మూడు ఫేజుల విద్యుత్తు ఈ చుట్లలోకి ఒకదాని వెంట ఒకటిగా ఉప్పొంగుతూ వస్తుంది. దానివల్ల లోపల గిరగిర తిరిగే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. మధ్యనున్న రోటరుకు బయటినుంచి ఏ తీగా ఉండదు. క్షేత్రం తనను దాటిపోతుంటే రోటరులో విద్యుత్తు ప్రేరితమై, అది క్షేత్రం వెంట పరుగెడుతుంది.

మన దేశంలో విద్యుత్తుకు సెకనుకు 50 ఆవర్తనాలు. నాలుగు ధ్రువాల మోటారులో క్షేత్రం నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. రోటరు మాత్రం సుమారు 1440 చుట్లే తిరుగుతుంది. ఎందుకు? క్షేత్రాన్ని అందుకుంటే ఇక ప్రేరణ ఉండదు, తిప్పే బలమూ ఉండదు!

చెవి చెప్పే సాక్ష్యం

మోటారు వింతగా చప్పుడు చేస్తోందనుకోండి. జబ్బు విద్యుత్తులోనా, ఇనుములోనా? అంటే చుట్లలోనా, బేరింగులలోనా?

పరీక్ష చాలా సులువు. స్విచ్ ఆపి వినడమే! విద్యుత్తు ఆగగానే మోత టక్కున ఆగిపోతే అది అయస్కాంత బలం వల్ల వచ్చిన మోత. విద్యుత్తు ఆగినా రోటరు మరికొంతసేపు తిరుగుతూనే ఉంటుంది కదా! ఆ సేపంతా గరగర వినిపిస్తూ, వేగంతోపాటు తగ్గుతూ పోతే తప్పు బేరింగుదో, ఫ్యానుదో, బెల్టుదో అయి ఉంటుంది.

ఒక్క స్విచ్‌తో జబ్బున్న చోటు సగానికి కుదించుకుపోయింది చూశారా? అనుమానాన్ని ఇలా సగం, మళ్లీ సగం చేసుకుంటూ పోవడమే ఈ విద్యలోని కిటుకు.

మూడు తీగలు, మూడు అంకెలు

మోటారుకు నాడి చూసే సాధనం టాంగ్ టెస్టరు. దీని దవడల మధ్య తీగను ఉంచితే చాలు, తీగను తెంచకుండానే కరెంటు ఎంతో చూపిస్తుంది. 10 అశ్వశక్తుల మోటారు 415 వోల్టుల దగ్గర పూర్తి బరువు లాగుతూ సుమారు 14 ఆంపియర్లు తీసుకుంటుంది. మూడు తీగలలోనూ ఈ అంకె దాదాపు సమానంగా ఉండాలి.

అలా కాక ఎరుపులో 14, పసుపులో 14, నీలంలో 18 కనిపించాయనుకోండి. తప్పు మోటారుదా, దానికి వచ్చే విద్యుత్తుదా?

ఎలక్ట్రీషియను మెయిన్ ఆపి, మోటారు కొనలు మూడింటినీ ఒక్కొక్క స్థానం జరిపి కడతాడు. ఎరుపుకు ఉన్న కొన పసుపుకు, పసుపుది నీలానికి, నీలానిది ఎరుపుకు. మూడూ జరిగాయి కనుక మోటారు మునుపటి దిశలోనే తిరుగుతుంది. రెండింటిని మాత్రమే మారిస్తే ఎదురు తిరిగేది! ఇప్పుడు మళ్లీ కొలుస్తాడు. 18 ఇంకా నీలం తీగలోనే ఉంటే తప్పు వచ్చే విద్యుత్తుది. ఆ 18 మోటారు కొనతోపాటు ఎరుపుకు మారితే తప్పు మోటారుది. దొంగ ఎవరితో వెళ్తున్నాడో కనిపెట్టడమన్నమాట!

ఒక ఫేజు పోతే?

ఒక ఫ్యూజు పోయినా, స్టార్టరులో ఒక కాంటాక్టు వదులైనా మోటారుకు రెండు ఫేజులే అందుతాయి. అప్పుడు ఆగి ఉన్న మోటారులో క్షేత్రం తిరగదు, ఉన్నచోటనే హెచ్చి తగ్గుతుంది. మోటారు 'గుయ్' మంటుందేగాని కదలదు.

తిరుగుతున్న మోటారుకు ఒక ఫేజు పోతే ప్రమాదం ఇంకోలా ఉంటుంది. అది ఆగదు. అదే బరువును రెండు తీగలతోనే లాగడానికి చూస్తుంది. ఆ తీగలలో కరెంటు సుమారు 1.73 రెట్లు, అంటే 14 నుంచి 24 ఆంపియర్లకు పెరుగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది మూడు రెట్లవుతుంది! ఇన్సులేషనుకు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయువు సుమారు సగం తగ్గుతుందని ఇంజనీర్ల లెక్క. ఇక చుట్లు ఎంతసేపు ఓర్చుకుంటాయి?

అందుకే స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. కరెంటు మితిమీరితే అది మోటారును ఆపేస్తుంది. "మాటిమాటికీ ఆపేస్తోంది" అని దానిని తప్పించి నేరుగా కలిపేవారున్నారు. అది జ్వరం వచ్చినవాడికి మందు ఇవ్వక, థర్మామీటరును పగలగొట్టడం లాంటిది!

కాలిన తీగ చెప్పే కథ

మోటారు కాలిపోయినా సాక్ష్యం మిగిలే ఉంటుంది. చుట్లన్నీ సమానంగా నల్లబడితే బరువు ఎక్కువైందనో, వోల్టేజి తక్కువైందనో, గాలి ఆడలేదనో అర్థం. స్టార్ కలయికలో రెండు ఫేజుల చుట్లు కాలి మూడవది బాగుంటే, లేదా డెల్టా కలయికలో ఒక్క ఫేజు చుట్లే కాలితే, ఒక ఫేజు అందలేదన్నమాట. ఒకేచోట మచ్చలాగా కాలితే అక్కడ ఇన్సులేషను చెడిందన్నమాట.

ఇది చూడకుండా కొత్త చుట్లు చుట్టించి బిగిస్తే ఏమవుతుంది? వదులు కాంటాక్టు అలాగే ఉంది కనుక కొత్త చుట్లూ కాలిపోతాయి. మన పల్లెల్లో బావుల దగ్గర తిరిగే మూడు ఫేజుల పంపు మోటార్లకూ ఇదే వర్తిస్తుంది. కాలిన చుట్లు జబ్బు కాదు, జబ్బు ఫలితం. కారణం దొరకనిదే రైతుకు రెండోసారి ఖర్చు, ఎండిన మడి తప్పవు.

మోటారు ముందున్న పెట్టె

ఈనాడు ఎన్నో ఫ్యాక్టరీలలో మోటారుకు ముందు 'డ్రైవ్' అనే పెట్టె ఉంటోంది. అది వచ్చిన ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చి, దానినుంచి కావలసిన ఆవర్తనాల ఏకాంతర విద్యుత్తును మళ్లీ తయారుచేస్తుంది. 25 ఆవర్తనాలు ఇస్తే క్షేత్రం 750 చుట్లే తిరుగుతుంది. మోటారు వేగం చేతిలోకి వచ్చినట్లే!

తేడా వస్తే డ్రైవ్ ఆగిపోయి, 'కరెంటు ఎక్కువైంది' అని సంకేతం చూపిస్తుంది. ఎందుకు ఎక్కువైందో మాత్రం చెప్పదు. మళ్లీ మన కిటుకే! ముందు యంత్రాన్ని విడదీసి మోటారును ఒంటరిగా నడుపుతారు. తేడా పోతే తప్పు యంత్రానిది. పోకపోతే డ్రైవ్‌ను ఆపి, మోటారు తీగలను దానినుంచి విప్పి, మోటారును, కేబులును విడివిడిగా పరీక్షిస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. డ్రైవ్‌లోని కెపాసిటర్లలో 500 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది. స్విచ్ ఆపిన తరువాత కూడా కొన్ని నిమిషాలదాకా అది ప్రాణం తీయగలదు. శిక్షణ పొందినవారు సైతం ఆగి, కొలిచి, విద్యుత్తు లేదని తేల్చుకున్నాకే చెయ్యి పెడతారు. మీరు ఇవేవీ ముట్టుకోవద్దు. ఇంట్లో సీలింగు ఫ్యాను చప్పుడు చేస్తే మాత్రం స్విచ్ ఆపి వినండి. మోత వెంటనే ఆగిందా, రెక్కలతోపాటు ఆగిందా?

చివరగా ఒక సమస్య. ఒక మిల్లులో మోటారును ఒంటరిగా నడిపితే చల్లగా, నిశ్శబ్దంగా తిరుగుతోంది. బెల్టు తగిలించగానే వేడెక్కుతోంది. మూడు తీగలలోనూ కరెంటు 19 ఆంపియర్లు, సమానంగా ఉంది. వోల్టేజి సరిగానే ఉంది. మిల్లు యజమాని కొత్త మోటారు కొంటానంటున్నాడు. మీరైతే ఆయనకు ఏం చెబుతారు?