కథ చెప్పించి పిల్లల వాక్శక్తి నెఱుగుట

వ్రాతలో తప్పులు చేయు విద్యార్థి మందబుద్ధి యని తలచుట పెద్దలకు వాడుక. మేమును అట్లే పొరబడితిమి. మా తరగతిలో నొక బాలుడు నాలుగు పంక్తులు తప్పులేక వ్రాయజాలకుండెను. అందులకు వానిని పలుమారు బల్లపై నిలువబెట్టితిమి. ఒకనాడు పంచతంత్రములోని కోతి, మొసలి కథ చెప్పుమనగా, కోతి తన గుండె చెట్టుమీద నున్నదని యేల బొంకెనో, మొసలి యేల నమ్మెనో వాడు కారణములతో చక్కగా వివరించెను. తడబడక చదువునని మేము మెచ్చుకొను వేఱొక బాలుడు అదే కథను "అది వచ్చింది, అది ఎక్కింది, అది పోయింది" అని ముగించెను. కోతి యేదో, మొసలి యేదో వినువారికి తెలియలేదు. నాడు సిగ్గుపడినవారము మేమే.

తెలివి యుండియు చదువుటయందో, వ్రాయుటయందో, లెక్కలయందో విడువక కష్టపడు స్థితిని అభ్యసన వైకల్య మందురు. మన దేశమున 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము దీనిని గుర్తించినది. ఇట్టి పిల్లలలో కొందఱు మాటయందును వెనుకబడి యుందురు. కొందఱు మాటయందే మిన్నగా నుందురు. ప్రశ్నకు ఒక్క మాటతో బదులు చెప్పునపుడు ఈ భేదము దాగియుండును. కథ చెప్పునపుడు బయలుపడును. ఏలయన, కథ చెప్పువాడు సంగతులను వరుసగా కూర్చి, వినువానికి తెలియనిదానిని తానే తెలుపవలెను.

ఇందులకు మాటలు లేని బొమ్మల పుస్తకములును తగును. 1969లో అమెరికా చిత్రకారుడు మెర్సర్ మేయర్ ప్రకటించిన యొక పుస్తకములో ఒక బాలుడును వాని కుక్కయు తప్పిపోయిన కప్పను వెదకుదురు. పరిశోధకులు పెక్కు భాషల పిల్లలచే ఆ కథను చెప్పించిరి.

వినునపుడు గమనింపవలసినవి యివి: ఎవరు, ఎక్కడ నున్నారు? వచ్చిన చిక్కేమి? చేసిన యత్నమేమి? కలిగిన ఫలమేమి? ఎవరి మనస్సున నేమున్నది? "కాబట్టి", "అందుకని" వంటి మాటలతో సంగతులను ముడివేయుచున్నాడా? తెలుగున కోతికిని మొసలికిని "అది" యొక్కటియే గనుక, అవసరమైన చోట పేరు మరల చెప్పుచున్నాడా?

పరీక్షించువాడు మాటల నందింపరాదు, "తరువాత?" అని మాత్రమే యడుగవలెను. చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలెను. ఇంటి యాసను తప్పుగా నెంచరాదు. ఇంటిభాష వేఱైనచో ఆ భాషలోనే చెప్పనీయవలెను. బిడియపడు బిడ్డను మఱియొకనాడు వినవలెను. ఒక్క కథ విని వైకల్యమని తీర్పు చెప్పుట తగదు. సందేహమున్నచో మొదట చెవులను పరీక్షింపజేసి, పిదప వాక్చికిత్స నెఱిగినవారిని చూడవలెను.

తల్లిదండ్రులారా! ఈ రాత్రి మీ బిడ్డను ఒక కథ చెప్పుమని యడుగుడు. తప్పులు దిద్దక, కడవరకు వినుడు. మార్కుల పట్టీ తెలుపనిది ఆ కథ తెలుపవచ్చును.