రానున్న ఆట, వచ్చిన బొమ్మ: ‘విచర్ 4’ ట్రైలర్ పరిశీలన

మన వార్షిక సంచికలో కావ్య పరిశీలనలకు, గజల్ పరిచయాలకు, శాస్త్ర వ్యాసాలకు చోటు లభిస్తూ వస్తున్నది. ఈసారి మేము ఒక వీడియో ఆట ట్రైలర్‌ను పరిశీలనకు గ్రహించినందుకు కళాశాల సమితి పెద్దలు కొందరు ఆశ్చర్యపడవచ్చును. కొడిమ్యాల బస్‌స్టాండులో కూర్చున్న విద్యార్థుల చేతులలోని ఫోనులను ఒక్క అరగంట గమనించినవారికి ఆ ఆశ్చర్యం నిలువదు. రాబోయే ఆటల ట్రైలర్లను మన పిల్లలు పాఠ్య పుస్తకాలకన్న శ్రద్ధగా చూస్తున్నారు, వాటి మీద వాదులాడుకొంటున్నారు, వాటిని నమ్మి డబ్బు కూడబెడుతున్నారు. ఇంతగా చూడబడే దానిని చదవడం ఎట్లో ఎవరో ఒకరు చెప్పవలసి ఉన్నది.

మేము తీసికొన్న ట్రైలర్ ‘ది విచర్ 4’ అనే ఆటది. పోలండు దేశానికి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ అనే సంస్థ దానిని 2024 డిసెంబరు 12వ తేదీన లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆటల బహుమతి ప్రదానోత్సవంలో ప్రదర్శించింది. నిడివి దాదాపు ఆరు నిమిషాలు. ఈ ఆటకు మూలం పోలిష్ రచయిత ఆంద్రెయ్ సప్కోవ్‌స్కీ సృష్టించిన కథాలోకం. అందులోని మొదటి కథ 1986లో ఒక పోలిష్ పత్రికలో అచ్చయింది. ‘విచర్’ అనగా కూలి తీసికొని రాక్షసులను సంహరించే వృత్తివాడు. ఈ కథల మీద 2007, 2011, 2015 సంవత్సరాలలో మూడు పెద్ద ఆటలు వచ్చినవి. వాటిలో గెరాల్ట్ అనేవాడు నాయకుడు. నాలుగవదానిలో అతడు కూతురివలె పెంచిన సిరి అనే యువతి కథానాయిక.

ఇట్టి ఆటలను ‘ఓపెన్ వరల్డ్’ ఆటలంటారు. ఆ మాటకు అర్థం చెప్పడానికి మనం దూరం పోనక్కరలేదు. కొడిమ్యాల నుండి చూస్తే చుట్టూ గుట్టలు కనిపిస్తవి. సురభి వారి నాటకంలో అయితే ఆ గుట్టలు పరదా మీద రంగులతో వేసినవై ఉంటవి. పాత్రధారి వాటి ముందు నిలబడి పద్యం పాడగలడు గాని వాటి మీదికి ఎక్కలేడు. ఓపెన్ వరల్డ్ ఆటలో కనిపించే గుట్ట దగ్గరకు నడిచి పోవచ్చును, ఎక్కవచ్చును, ఆవలి ఊరిలోకి దిగవచ్చును. ఏ దారిన పోవాలో, ఎవరిని ముందు పలకరించాలో, ఏ పని చేయకుండా వదలాలో ఆడేవాడే నిర్ణయించుకొంటాడు.

ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఇది మరింత సులభంగా బోధపడుతుంది. లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం 1883 నుండి 1893 వరకు సంపుటాలుగా వెలువరించిన ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ దాస్తానులోని తిలిస్మ్ ఇటువంటిదే. మాంత్రికులు కల్పించిన ఆ లోకానికి జాహిర్, బాతిన్, జుల్మాత్ అని మూడు భాగాలు. అందులో ఊళ్లున్నవి, వనాలున్నవి, కాపలాలున్నవి. దానిని ఛేదించవలసినవాడికి దారి చూపే ఫలకం ‘లౌహ్’. అమర్ అయ్యార్ భుజాన ఉండే ‘జంబీల్’ సంచిలో ఎంత వేసినా పడుతుంది, ఏది కావాలన్నా వస్తుంది. నేటి ఆటలలో కథానాయకుడు నూరు కత్తులు, రెండు నూర్ల మందు సీసాలు మోస్తూ పరుగెత్తుతుంటే నవ్వేవారు అమర్ అయ్యార్‌ను తలచుకొంటే చాలు. దాస్తాన్‌గో ఆ లోకంలో శ్రోతలను తన మాట వెంట నడిపించాడు. ఆట రచయిత ఆ సంచిని, ఆ ఫలకాన్ని మన చేతికిచ్చి తాను పక్కకు తొలగుతాడు. మిగిలిన పరిశీలనకంతటికీ ఈ భేదమే ఆధారం.

ఇక ట్రైలర్‌లోని కథ. స్ట్రామ్‌ఫోర్డ్ అనే మారుమూల పల్లె. ఆ ఊరికి ఒక భూతం పీడ. దాని పేరు బౌక్. సెర్బియా జానపదుల భయాలలోనుండి తెచ్చుకొన్న పేరది. ఊరివారు ఒక కన్నెపిల్లను దానికి బలి ఇవ్వడానికి సిద్ధం చేస్తారు. ఆ పిల్ల పేరు మియోని. సిరి ఆమెకు అడ్డుపడి ధైర్యం చెప్పి, తాను గుహలోనికి పోయి బౌక్‌తో పోరాడుతుంది. ఆ పోరులో కత్తి ఉన్నది, గొలుసు ఉన్నది, తాగగానే కళ్లు మారిపోయే విషప్రాయమైన మందు ఉన్నది. భూతం చస్తుంది. సిరి తిరిగి వచ్చేసరికి పిల్ల కూడ చనిపోయి ఉంటుంది. చంపినది బౌక్ కాదు, ఊరివారే.

మా తరగతిలో ఈ ట్రైలర్ రెండుమారులు ప్రదర్శించినాము. మొదటి ప్రదర్శన ముగియక ముందే వెనుక బెంచీ నుండి ‘ఇది బకాసురుని కథనే గద సార్’ అన్న మాట వినవచ్చినది. నిజమే. ఏకచక్రపురంలో ఇంటికొకరు చొప్పున బండెడు అన్నంతో బకుని వద్దకు పోవలసిన వంతు, ఒక బ్రాహ్మణుని ఇంట ఏడుపు, కుంతి మాటపై భీముడు బయలుదేరుట మనకు ఆదిపర్వం నుండి తెలిసినవే. అక్కడ బకుడు చచ్చిన మరునాడు ఊరు పండుగ చేసికొంటుంది. ఇక్కడ భూతం చచ్చినా భయం చావలేదు. ఆచారం రాక్షసుని కన్న బలమైనదని ఈ ఆరు నిమిషాలలో చెప్పగలిగినారు. రచనగా చూస్తే ఇది ఉత్తమమైన పని అని మా అభిప్రాయం. గుహలోని పోరాటం కన్న, తిరిగి వచ్చిన సిరి ముఖం మీద నిలిచిన ఆ కొద్ది క్షణాలే ఎక్కువ విలువగలవి. పోరాటాలు ఏ ట్రైలర్‌లోనైనా ఉంటవి.

అయితే ఇది కథకు ప్రశంస. ఆటను గూర్చి ఇందువల్ల మనకేమి తెలిసినది? రెండవమారు చూపినప్పుడు విద్యార్థులను ఈ ప్రశ్న మనసులో ఉంచుకొని చూడమన్నాము. చిన్న అక్షరాలు చదవమన్నాము. ఈ బొమ్మలు అన్‌రియల్ ఇంజిన్ 5 సాధనంతో, అప్పటికి బజారులోకి రాని ఒక ఎన్విడియా గ్రాఫిక్స్ పరికరం మీద ముందుగా తయారుచేయబడినవి అని సంస్థవారే తెలిపినారు. ‘ముందుగా తయారుచేయుట’ అన్న మాటలో అసలు సంగతి ఉన్నది.

ఆట ఆడునప్పుడు యంత్రం సెకనుకు 30 లేదా 60 బొమ్మలు గీయవలెను. 60 అనుకొంటే ఒక్కొక్క బొమ్మకు దొరికే కాలం సెకనులో అరవయ్యవ వంతు, అనగా ఇంచుమించు 17 మిల్లీసెకనులు. ఆ వ్యవధిలోనే మన వేలు ఏ మీట నొక్కిందో గ్రహించవలెను, గుర్రం కాలు ఎక్కడ పడుతున్నదో లెక్కించవలెను, దీపం వెలుతురు గోడ మీద ఎట్లా పడుతుందో గీయవలెను. ముందుగా తయారుచేసే బొమ్మకు ఈ తొందర లేదు. ఒక్కొక్క బొమ్మకు నిమిషాలు తీసికొన్నా, గంటలు తీసికొన్నా అడిగేవాడుండడు. చూపవలసిన కోణం ఒకటే కనుక ఆ కోణంలో కనపడని గోడను కట్టవలసిన పని కూడ లేదు. సాధనం ఒకటే అయినా రెండు పనుల నడుమ ఇంత వ్యత్యాసం కలదు.

సిరిసిల్ల బట్ట వ్యాపారి కొనేవానికి గుడ్డ ముక్క చూపుతాడు. అది తానులోనుండి కత్తిరించిన ముక్క. రంగు, నేత, మందం తానులో ఎట్లున్నవో ముక్కలో అట్లే ఉంటవి. సినిమా ట్రైలర్ ఇటువంటిది. 2015 జూన్ 1న విడుదలయిన ‘బాహుబలి’ ట్రైలర్‌లో మనం చూచిన జలపాతమే జూలై 10న సినిమాలోనూ చూచినాము. ముక్కలు ఎంచి కూర్చుటలో మోసం ఉండవచ్చును గాని ముక్క మాత్రం ఆ తానుదే. ‘విచర్ 4’ పూర్తిస్థాయి నిర్మాణంలో ప్రవేశించినట్లు సంస్థ ప్రకటించినది 2024 నవంబరు చివరలో. ట్రైలర్ వచ్చినది డిసెంబరు 12న. అనగా సాంచా మీద పడుగు ఎక్కిన కొద్ది దినాలకే గుడ్డ బొమ్మ గీసి చూపినారు. చిత్రకారుడు గొప్పవాడు, బొమ్మ అందంగా ఉన్నది. చేతితో తాకి చూడడానికి మాత్రం గుడ్డ లేదు. 2026 చివరిలోగా ఆట రాదని 2025లో సంస్థవారే తమ వాటాదారులకు తెలియజేసినారు.

దీనిని మోసమనుట న్యాయం కాదు. వారు చిన్న అక్షరాలలోనైనా ఉన్న మాట చెప్పినారు. ఇట్టి బొమ్మలో ఉద్దేశం తెలుస్తుంది: ఎవరు నాయిక, లోకం ఎంత చీకటిది, గొలుసును ఆయుధంగా వాడవచ్చునేమో, మేలు చేయబోతే కీడు జరిగే కథలుంటవేమో. తెలియనిది స్వేచ్ఛ. ఓపెన్ వరల్డ్ అనే పేరులోని సారం ఆ స్వేచ్ఛయే. ట్రైలర్ ఎంత నిజాయతీగలదైనా మొదటి నుండి చివరిదాక ఒక్కటే దారిలో పోతుంది. చూచేవాడు దానిని ఆపగలడు, వెనుకకు తిప్పగలడు, అందులో కుడివైపుకు మాత్రం మళ్లలేడు.

ఆరు నెలల తరువాత 2025 జూన్ 3న ఆర్లాండోలో అదే లోకాన్ని మరొక విధంగా చూపినారు. సామాన్య ప్లేస్టేషన్ 5 యంత్రం మీద, సెకనుకు 60 బొమ్మల వేగంతో, అప్పటికప్పుడు గీస్తూ సిరి గుర్రమెక్కి కొండదారిన పోవుట, వాల్‌డ్రెస్ట్ అనే రేవు పట్టణంలో వందలాది జనంతో నిండిన సంతలో నడచుట కనిపించినవి. సంతలో ఒకరినొకరు తగిలితే చేతిలోని పండ్లు దొర్లిపోవుట వంటి చిన్న విషయాలు మాకు నచ్చినవి. ఇది మొదటిదాని వలె గుండెను పట్టుకోదు. అయినా గుడ్డ దగ్గరకు ఒక అడుగు చేరినట్లే. ఇది సాంకేతిక ప్రదర్శన మాత్రమే, ఆటలోని భాగం కాదని వారు ఇక్కడ కూడ స్పష్టంగా చెప్పినారు. రెండింటిని పక్కపక్కన పెట్టి చూచినవానికి ఒక్కొక్కదానిని విడిగా చూచినవాని కన్న ఎన్నో రెట్లు తెలుస్తుంది. విద్యార్థులు ఈ పని తప్పక చేయవలెనని మా కోరిక.

ఇంత పట్టుదల ఎందుకని అడుగవచ్చును. ఇదే సంస్థ ‘సైబర్‌పంక్ 2077’ అనే ఆటకు మొదటి ట్రైలర్‌ను 2013 జనవరిలో చూపింది. ఆట వచ్చినది 2020 డిసెంబరు 10న. ఆ నడుమ ఏడేండ్లు వచ్చిన బొమ్మలను నమ్మి 80 లక్షల మంది ఆట రాకముందే కొన్నారు. పాత యంత్రాల మీద అది సరిగా నడువలేదు. విడుదలయిన ఎనిమిది దినాలకు సోనీ సంస్థ దానిని తన దుకాణం నుండి తొలగించి, కొన్నవారికి డబ్బు వాపసు ఇవ్వసాగింది. 2021 జూన్‌లో గాని అది మరల ఆ దుకాణానికి రాలేదు. తరువాత నిర్మాతలు ఏండ్ల తరబడి మరమ్మతు చేసి, 2023 నాటికి దానిని మెచ్చదగిన ఆటగా చేసినారన్నదీ చెప్పక తప్పదు. ఓపికపట్టినవారికి తక్కువ ధరకు మంచి ఆట దక్కినది. తొందరపడినవారు నిండు వెల ఇచ్చి చిక్కులు కొనుక్కొన్నారు.

పెద్ద ఆట ఒకటి విడుదల నాడు నాలుగైదు వేల రూపాయల దాక పలుకుతుంది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ఆ సొమ్ము ఎట్లా వస్తుందో ఈ సంచిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక ఇంట తల్లి వేల బీడీలు చుట్టవలెను. మరొక ఇంట అన్న దుబాయి ఎండలో దినాలు గడుపవలెను. మా విద్యార్థి ఒకడు కొన్నేండ్ల కిందట అన్న పంపిన డబ్బుతో ఒక ఆటను రాకముందే కొన్నాడు. ట్రైలర్‌లో ఉన్న ఊరు ఆటలో లేదు. మూడు దినాలు ఎవరితో మాట్లాడలేదు. డబ్బు పోయినందుకంటె, అన్నకు ‘ఆట బాగున్నది’ అని ఫోనులో అబద్ధం చెప్పవలసి వచ్చినందుకు ఎక్కువ బాధపడ్డానని తరువాత మాతో చెప్పినాడు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ మాటయే.

కాబట్టి ట్రైలర్ చూచునప్పుడు మేము మొదట వెతికేది తెర అంచులు. ఆడేవాని ప్రాణబలం చూపే గీత, పటం, మందుల లెక్క వంటివి అక్కడ కనిపిస్తే ఎవరో నిజంగా ఆడుతున్నారన్న ఆశ కలుగుతుంది. అవీ కల్పించి పెట్టవచ్చును గనుక అది ఆశ మాత్రమే. కెమెరా నాయిక వీపు వెనుక నిలకడగా ఉన్నదా, లేక గద్దవలె ఎగురుతూ కనురెప్పల దాక వాలుతున్నదా అన్నది రెండవ గుర్తు. ఏ యంత్రం మీద చూపినారో చెప్పినారా, ఆ యంత్రం మన ఇంట ఉన్నదా అన్నది అన్నిటికన్న ముఖ్యం. మన పిల్లలలో పలువురి వద్ద ఉన్నది ఫోను మాత్రమే. వారి ఫోనులో ఈ ట్రైలర్ ఆడుతుంది, ఆట ఆడదు. ఈ చిన్న సంగతి ఒక్కరికీ తోచకపోవుట మాకు వింతగా ఉన్నది.

రెండవ ప్రదర్శన ముగిసిన తరువాత ప్రశ్నలు అడుగుమన్నాము. మగపిల్లలు గొలుసును గూర్చి, గుర్రాన్ని గూర్చి అడిగినారు. అంతవరకు మాట్లాడని ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకతె లేచి, ‘సార్, మనం ఆడితే ఆ పిల్లను ముందుగాల్నే ఊరు దాటియ్యొచ్చా?’ అని అడిగినది.

ట్రైలర్‌ను మూడవమారు వేసి వెతికినాము. మియోని నిలిచిన చోటి నుండి అడవిలోకి ఒక బాట పోతున్నట్లు కొందరికి కనిపించినది. అది నడువదగిన బాటయో, పరదా మీద గీసిన బాటయో తేల్చలేకపోయినాము. గంట కొట్టినారు. అన్న దుబాయిలో ఉన్న ఆ విద్యార్థి తలుపు దగ్గర ఆగి, ‘ఆట వచ్చినంక ఎవరన్న ఆడి చెప్తరు, అప్పుడు చూస్త’ అని ఆమెతో అంటూ పోయినాడు.